అన్నిచోట్లా సాధన ఉంది, అయినా సాధన లేదు! ఇదెలా? (హాసే సూత్రం)

సందేహాల_శ్రీను | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ గణితం రెండో ఏడాది చదువుతున్నాను. గురువారం నా సెమినార్, టాపిక్ హాసే సూత్రం. ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. ప్రతి సమీకరణానికీ కీబోర్డు మార్చే ఓపిక లేక చలరాశులకి క, గ, చ వాడేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఒక సమీకరణానికి అకరణీయ సంఖ్యల్లో సాధన ఉంటే వాస్తవ సంఖ్యల్లోనూ ఉంటుంది, ప్రతి ప్రధాన సంఖ్య పి కీ పి-ఆడిక్ సంఖ్యల్లోనూ ఉంటుంది. దాన్ని తిరగేసి అడిగితే? ఆ అన్నిచోట్లా సాధన ఉన్నంత మాత్రాన అకరణీయ సాధన ఉండితీరాలా? ఉండితీరుతుందనే మాటనే హాసే సూత్రం అంటారు. వర్గ రూపాలకైతే (ప్రతి పదం రెండో ఘాతంలో ఉండేవి) ఉండితీరుతుంది. అదే హాసే–మింకోవ్‌స్కీ సిద్ధాంతం. ఘన సమీకరణాల దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తింటాం. 1951లో సెల్మర్ చూపించిన ఉదాహరణ:

3క³ + 4గ³ + 5చ³ = 0

దీనికి అన్నిచోట్లా సాధన ఉంది. అకరణీయ సంఖ్యల్లో మాత్రం మూడూ సున్నాలు తప్ప ఇంకేం లేదు.

ఇప్పుడు నా గొడవ. ట్రయల్‌గా మా గైడ్ గారి ముందు చెప్తుంటే "3 దగ్గర ఏం చేశావు?" అన్నారు (అంటే 3-ఆడిక్ సంఖ్యల్లో). "క=0, గ=1, చ=1 పెడితే 9 వస్తుంది సార్, 3తో భాగించబడుతుంది, అయిపోయింది" అన్నాను. ఆయన నవ్వి టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆ నవ్వుతో టెన్షన్ మొదలైంది. నేనేం తప్పు చెప్పాను?

ఇంకొకటి. సెల్మర్ సమీకరణానికి సాధన లేదని నిరూపించాలంటే అకరణీయ సంఖ్యలకి 6 ఘనమూలం కలిపిన ఫీల్డులోకి (సంఖ్యల వ్యవస్థలోకి) దిగాలి. నాకున్నది అరగంట. బోర్డు మీద పది నిమిషాల్లో తేలిపోయే ఉదాహరణ ఏదైనా ఉందా?

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 11:15

శ్రీనూ, నీ సమాధానం తప్పు కాదు. సాక్ష్యం చాలలేదు.

మాడ్యులో పి (పి తో భాగిస్తే వచ్చే శేషాల్లో) సాధన వేరు, పి-ఆడిక్ సాధన వేరు. చిన్న ఉదాహరణ చూడు: క² + గ² = 3చ². మాడ్యులో 3లో (0, 0, 1) చక్కగా సరిపోతుంది. మాడ్యులో 9కి వెళ్ళు. క, గ రెండూ 3 గుణిజాలు కావాల్సి వస్తుంది, అప్పుడు 3చ² కూడా 9తో భాగించబడాలి, అంటే చ కూడా 3 గుణిజమే. మూడింటినీ 3తో కొట్టేస్తే మళ్ళీ అదే కథ. మాడ్యులో 3లో కనిపించిన సాధన పై మెట్టు ఎక్కలేకపోయింది.

పై మెట్లు ఎక్కుతుందని హామీ ఇచ్చేది హెన్సెల్ లెమ్మా. అవకలజం మాడ్యులో పి సున్నా కాకపోతే చాలు, మిగతా మెట్లన్నీ అదే ఎక్కిస్తుంది. 5 దగ్గర చూడు: క=1, గ=2, చ=0 పెడితే 3+32=35, 5తో పోతుంది. గ ప్రకారం అవకలజం 12గ² = 48, 5తో పోదు. కాబట్టి 5 దగ్గర దిగుల్లేదు. 2 దగ్గర క=చ=1, గ=0 పెట్టు, 8 వస్తుంది, అవకలజం 9క² బేసి. అక్కడా సరే.

3 దగ్గరే చిక్కు. ఘనాన్ని అవకలనం చేస్తే ముందు 3 వచ్చి కూచుంటుంది, మాడ్యులో 3 ఎప్పుడూ సున్నానే. మీ గైడ్ గారు నవ్వింది అందుకే. ఇక్కడ ఒక మెట్టు పైనుంచి మొదలెట్టాలి: 3తో భాగించబడని 3-ఆడిక్ పూర్ణాంకం మాడ్యులో 9లో 1 గానీ −1 గానీ అయితే అది ఘనమే. క=0 పెడితే మనకి (చ/గ)³ = −4/5 కావాలి. 4+5=9 కదా, అంటే మాడ్యులో 9లో −4, 5 ఒకటే, −4/5 అంటే 1. కాబట్టి ఘనమూలం ఉంది. నువ్వు పెట్టిన అంకెలే ఇవి. 9 అని నోటితో అన్నావు కూడా, 3తో పోతుందని చెప్పి ఆపేశావు.

నిశాచరి | సోమవారం, రాత్రి 11:58

నేను ఇంజనీరింగ్ బ్యాచ్. పి-ఆడిక్ అంటే ఏంటో రెండు ముక్కల్లో ఎవరైనా చెప్తారా ప్లీజ్.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 5:50

ఒక సంఖ్యని 3తో భాగిస్తే శేషం ఎంత, 9తో భాగిస్తే ఎంత, 27తో ఎంత, 81తో ఎంత... ఇలా ఒకదానికొకటి పొంతన ఉన్న శేషాల గొలుసు మొత్తం కలిస్తే ఒక 3-ఆడిక్ పూర్ణాంకం. 1897లో కుర్ట్ హెన్సెల్ మొదలుపెట్టాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920లో గోటింగెన్‌లో పాత పుస్తకాల షాపులో హెన్సెల్ రాసిన సంఖ్యాశాస్త్ర పుస్తకం హెల్ముట్ హాసే అనే కుర్రాడి కంటబడింది. అది పట్టుకుని ఉన్న యూనివర్సిటీ వదిలేసి, హెన్సెల్ పాఠాలు చెప్పే మార్‌బుర్గ్‌కి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాదికే థీసిస్ అయిపోయింది. శ్రీను చెబుతున్న సిద్ధాంతం అందులోంచి వచ్చిందే. పాత పుస్తకాల షాపులు ఊరికే పోనివ్వవు.

గోదారి_గట్టు | మంగళవారం, ఉదయం 9:20

శ్రీను గారూ, పది నిమిషాల ఉదాహరణ నేనిస్తాను. 1971లో ఇస్కోవ్‌స్కిఖ్ ఇచ్చిన తలం ఇది:

క² + గ² = (3 − చ²)(చ² − 2)

ముందు అకరణీయ సాధన లేదని చూపిద్దాం. చ = మ/న అనుకోండి, మ, న లకి ఉమ్మడి కారణాంకం లేదు. హారాలు తీసేస్తే (3న² − మ²)(మ² − 2న²) అనే పూర్ణాంకం రెండు అకరణీయ వర్గాల మొత్తం కావాలి. ఈ రెండు కారణాంకాల మొత్తం న². కాబట్టి రెండింటినీ భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది న ని, ఆపైన మ ని కూడా భాగించాలి. అలాంటిది లేదు. మొత్తం ధనాత్మకం, లబ్ధం రుణాత్మకం కాదు, ఏదీ సున్నా కాలేదు (2కీ 3కీ అకరణీయ వర్గమూలాలు లేవు కదా). అంటే రెండూ ధనాత్మకమే.

ఇక మనందరికీ తెలిసిన పాత నియమం: ధన పూర్ణాంకం రెండు వర్గాల మొత్తం కావాలంటే, 4తో భాగిస్తే 3 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా అందులో సరి ఘాతంతోనే ఉండాలి. లబ్ధంలో సరి ఘాతం, కారణాంకాల మధ్య పంపకం లేదు, కాబట్టి విడివిడిగా కూడా సరి ఘాతమే. అంటే రెండు కారణాంకాలూ విడివిడిగా రెండు వర్గాల మొత్తాలే కావాలి.

ఇప్పుడు 4తో భాగించి చూడండి. న బేసి, మ సరి అయితే 3న² − మ² కి శేషం 3. రెండూ బేసి అయితే మ² − 2న² కి శేషం 3. న సరి, మ బేసి అయితే మళ్ళీ 3న² − మ² కి శేషం 3. శేషం 3 వచ్చే ధన సంఖ్య రెండు వర్గాల మొత్తం కాలేదు. మూడు దారులూ మూసుకుపోయాయి.

మరి అన్నిచోట్లా సాధన ఉందా? ఉంది. వాస్తవ సంఖ్యల్లో చ = 1.5 పెట్టండి, కుడివైపు 0.75 × 0.25. పి ని 4తో భాగిస్తే 1 మిగిలితే, −1 కి అక్కడ వర్గమూలం ఉంది, ఏ సంఖ్యనైనా రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. 3 మిగిలితే చ = 1/పి పెట్టండి, కుడివైపు పి ఘాతం −4, సరి సంఖ్య, కాబట్టి సరిపోతుంది. 2 దగ్గర చ = 0 పెట్టండి, కుడివైపు −6. అంటే 2 × (−3). 2 = 1+1. −3ని, 5 = 1+4 ని 8తో భాగిస్తే ఒకే శేషం, కాబట్టి −3/5 కి 2-ఆడిక్ వర్గమూలం ఉంది. అయిపోయింది.

ఇంటర్ పిల్లలకి కూడా మొదటి సగం చెప్పొచ్చు. నేను చెప్పాను కూడా.

సందేహాల_శ్రీను | మంగళవారం, ఉదయం 9:47

అబ్బ! ఇంత తేలికా? సెమినార్‌లో ఇదే పెడతాను. కానీ గట్టు గారూ, లేదని తెలిసింది, *ఎందుకు* లేదో ఇంకా ఎక్కలేదు. అందరూ విడివిడిగా సరే అంటుంటే అడ్డం పడుతున్నది ఎవరు?

డాలస్_బాబాయి | మంగళవారం, రాత్రి 7:05

ఇందులో అంత ఆశ్చర్యం ఏముంది. ముహూర్తం పెట్టడంలా ఉంది. పెద్దమ్మని అడిగితే "నాకు ఖాళీ రోజులు ఉన్నాయి" అంటుంది. మేనమామా అంతే. అమెరికా నుంచి రావాల్సిన మాలాంటి వాళ్ళమూ అంతే. అందరికీ కలిసొచ్చే రోజు మాత్రం క్యాలెండర్‌లో లేదు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 7:40

బాబాయి గారూ, పోలిక బాగుంది కానీ ఒక చోట చెడింది. మీ చుట్టాలు పరిమితం. ఇక్కడ పరిమిత సంఖ్యలో చోట్లు ఎంచుకుని, అక్కడి చ లు అన్నిటికీ దగ్గరగా ఉండే ఒకే అకరణీయ చ ఎప్పుడైనా దొరుకుతుంది. అంటే పిలిచినవాళ్ళందరికీ కుదిరే ముహూర్తం ఎప్పుడూ ఉంటుంది. తేడా ఎక్కడొస్తుందో గట్టు చెప్పాలి.

నిశాచరి | బుధవారం, తెల్లవారుజాము 1:30

నిద్ర పట్టక లెక్కేశాను. 2 దగ్గర సాధన రావాలంటే మ ని 4తో భాగించగలగాలి, న బేసి అవ్వాలి, వాస్తవ సంఖ్యల కోసం చ² అనేది 2కీ 3కీ మధ్య ఉండాలి. అలాంటివి ఏరాను.

చ = 8/5 → 3న²−మ² = 11, మ²−2న² = 14
చ = 12/7 → 3, 46
చ = 16/11 → 107, 14
చ = 20/13 → 107, 62
చ = 28/17 → 83, 206

2 దగ్గరా వాస్తవ సంఖ్యల్లోనూ సరే. కానీ ప్రతిసారీ 11 అనో 3 అనో 107 అనో 83 అనో ఎవడో ఒకడు వచ్చి పడుతున్నాడు. అన్నీ 4తో భాగిస్తే 3 మిగిలేవే!

డాలస్_బాబాయి | బుధవారం, తెల్లవారుజాము 2:10

అంటే పిలిచినవాళ్ళందరికీ కుదిరాక, పిలవని చుట్టం వచ్చి "నన్నడగలేదేం" అంటాడన్నమాట. ఇది ఇంకా మా ఇంటి పెళ్ళిలా ఉంది.

గోదారి_గట్టు | బుధవారం, ఉదయం 8:30

నిశాచరి, శభాష్. నేను చెప్పబోయేది మీరు అంకెల్లో చూపించేశారు.

ఏదైనా సున్నా కాని అకరణీయ సంఖ్య తీసుకుని, ఒక్కో చోటా (2, 3, 5, 7... ఇంకా వాస్తవ సంఖ్యలు) "ఇది ఇక్కడ రెండు వర్గాల మొత్తమా?" అని అడగండి. 3 తీసుకుంటే 2 దగ్గరా 3 దగ్గరా కాదు, మిగతా అన్నిచోట్లా అవును. −1 తీసుకుంటే వాస్తవ సంఖ్యల్లో కాదు, 2 దగ్గర కాదు. 21 తీసుకుంటే 3 దగ్గరా 7 దగ్గరా కాదు, 2 దగ్గర అవును. "కాదు"లు ఎప్పుడూ సరి సంఖ్యలోనే వస్తాయి. ఒకే ఒక్క చోట "కాదు" అనిపించుకునే అకరణీయ సంఖ్య లేదు. దీన్ని హిల్బర్ట్ రెసిప్రాసిటీ అంటారు. గౌస్ వర్గ రెసిప్రాసిటీ నియమానికి కొత్త బట్టలు తొడిగితే ఇదే.

ఇప్పుడు మన తలం మీద ఉన్న స్థానిక (ఒక్కో చోటి) సాధనలన్నీ పోగేసి, ఒక్కోదాని దగ్గరా 3 − చ² గురించి ఆ ప్రశ్న అడగండి. బేసి ప్రధాన సంఖ్యలన్నిటి దగ్గరా, ఏ సాధన తీసుకున్నా, జవాబు "అవును". వాస్తవ సంఖ్యల్లోనూ "అవును". 2 దగ్గర మాత్రం ఏ సాధన తీసుకున్నా "కాదు". మొత్తం ఒకే ఒక్క "కాదు". అకరణీయ బిందువు ఉంటే అక్కడి 3 − చ² కి ఒకే "కాదు" రావాలి. అలాంటి సంఖ్య లేదు. నిశాచరి ఏరిన చ లు 2ని బుజ్జగించి "కాదు" తెచ్చుకున్నాయి, ఆ లెక్క సరి చెయ్యడానికి ఇంకో "కాదు" ఎక్కడో పుట్టక తప్పదు. అదే 11, అదే 107.

శ్రీను గారూ, అడ్డం పడేది ఏ ఒక్క ప్రధాన సంఖ్యా కాదు. ఈ సరి-బేసి నిబంధన అన్ని చోట్లనీ కలిపి కట్టేస్తోంది.

సందేహాల_శ్రీను | బుధవారం, ఉదయం 8:52

ఇప్పుడు ఎక్కింది సార్. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బ్రాయర్–మానిన్ అడ్డంకి అంటే ఇదేనా?

గోదారి_గట్టు | బుధవారం, ఉదయం 9:10

అదే. యూరి మానిన్ 1970లో నీస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ గణిత కాంగ్రెస్‌లో దీన్ని పెట్టాడు. అప్పటికి తెలిసిన ఉదాహరణలు ఒక్కోటీ ఒక్కో చిట్కాతో నిరూపించినవి. వాటి వెనక ఉన్నది ఒకే యంత్రమని చూపించాడు. నేను అడిగిన "అవునా కాదా" ప్రశ్నల్లాంటివన్నీ తలం తాలూకు బ్రాయర్ గ్రూపులో ఉంటాయి.

"అడ్డంకులన్నీ ఇవేనా" అని అడుగుతారేమో. కాదు. 1999లో స్కోరోబోగాటోవ్ ఒక తలం చూపించాడు. బ్రాయర్–మానిన్ అడ్డంకి లేదు, అయినా బిందువు లేదు. ఆ తలాన్ని పొరల్లా కప్పే వేరే తలాలు (కవర్లు) కట్టి వాటి మీద అడ్డంకి వెతికితే దాని కారణం దొరికింది. 2010లో పూనెన్ అదీ చాలని ఉదాహరణ కట్టాడు. వక్రాలకి మాత్రం బ్రాయర్–మానిన్ సరిపోతుందనే చాలామంది నమ్మకం, నిరూపణ లేదు.

అనుమానం_అప్పారావు | బుధవారం, మధ్యాహ్నం 1:15

ఇంత గొడవెందుకు? కంప్యూటర్‌కి ఇచ్చేస్తే పోలా? పైగా ప్రధాన సంఖ్యలు అనంతం కదా, "అన్నిచోట్లా ఉంది" అని అసలు ఎలా తనిఖీ చేస్తారు?

లెక్కల_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 2:40

రెండో ప్రశ్న మంచిది. సెల్మర్ వక్రానికి 2, 3, 5 చూస్తే చాలు. మిగతా పి లకి అది మాడ్యులో పి కూడా నునుపైన వక్రమే. అలాంటి నునుపైన ఘన వక్రానికి (జీనస్ 1 అంటారు) మాడ్యులో పి బిందువులు కనీసం పి + 1 − 2√పి ఉంటాయని హాసేయే నిరూపించాడు. అది (√పి − 1)², ఎప్పుడూ సున్నా కంటే ఎక్కువే. ఒక్క బిందువు దొరికితే హెన్సెల్ పైకి తీసుకుపోతాడు. స్థానిక తనిఖీ అంటే నాలుగు లెక్కలు, అంతే.

మొదటిదే కష్టం. సాధన ఉంటే కంప్యూటర్ ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటుంది. లేకపోతే వెతుకుతూనే ఉంటుంది, ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు. పూర్ణాంక సాధనలకైతే అన్ని సమీకరణాలకీ పనికొచ్చే పద్ధతే లేదని 1970లో మతియాసెవిచ్ తేల్చేశాడు. అకరణీయ సాధనలకి అలాంటి పద్ధతి ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు.

అనుమానం_అప్పారావు | బుధవారం, మధ్యాహ్నం 3:02

సరే, ఒప్పుకుంటా. అయితే సెల్మర్ లాంటివి ఎక్కడో ఒకటీ అరా ఉండే వింతలా, లేక ఊరంతా అవేనా?

గచ్చిబౌలి_గణితం | బుధవారం, సాయంత్రం 6:25

వింతలు కావు. మూడు చలరాశుల ఘన సమీకరణాన్ని యాదృచ్ఛిక గుణకాలతో రాస్తే అది అన్నిచోట్లా స్థానికంగా పాస్ అయ్యే అవకాశం 97 శాతం పైనే, భార్గవ, క్రెమోనా, ఫిషర్ కలిసి లెక్క కట్టారు. అలా పాసైన వాటిలో సున్నా కాని ఒక నిష్పత్తి హాసే సూత్రాన్ని తప్పుతుందని మంజుల్ భార్గవ 2014లో చూపించాడు. చలరాశులు పెరిగేకొద్దీ మాత్రం పరిస్థితి మెరుగవుతుంది: నునుపైన ఘన రూపానికి 9 చలరాశులుంటే హాసే సూత్రం పనిచేస్తుందని హూలీ 1988లో నిరూపించాడు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2010 ఆగస్టులో గణిత కాంగ్రెస్ హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పుడు నేను డిగ్రీ కుర్రాణ్ణి, మెడలో బ్యాడ్జి వేసుకుని వెనక వరుసలో కూర్చున్నా, ముప్పావు వంతు అర్థం కాలేదు. ఆ కాంగ్రెస్‌లో పరిమళ గారు ప్లీనరీ ఉపన్యాసం ఇచ్చారు, హెచ్‌సీయూలో పాఠాలు చెప్పిన వి. సురేశ్ గారు ఆహ్వానిత వక్త. వాళ్ళిద్దరూ కలిసి నిరూపించింది ఈ దారం చుట్టుపక్కలదే: పి-ఆడిక్ వక్రాల ఫంక్షన్ ఫీల్డుల మీద, అంటే ఆ వక్రాల మీది ప్రమేయాలనే సంఖ్యల్లా వాడుకునే చోట (పి = 2 తప్ప), 9 చలరాశులున్న ఏ వర్గ రూపానికైనా సున్నా కాని సాధన ఉంటుంది. ఆ తర్వాత కొలియో-థెలేన్‌తో కలిసి అలాంటి ఫీల్డుల మీద స్థానిక–సార్వత్రిక సూత్రాల గురించే రాశారు. అకరణీయ సంఖ్యలు వదిలేసి కొత్త ఊళ్ళో మళ్ళీ అదే ప్రశ్న అన్నమాట.

నిశాచరి | బుధవారం, రాత్రి 11:40

మధ్యలో వస్తున్నందుకు సారీ. 42ని మూడు ఘనాల మొత్తంగా రాశారని 2019లో వార్తల్లో వచ్చింది కదా, అది కూడా ఇదేనా?

గోదారి_గట్టు | గురువారం, ఉదయం 6:45

పక్కింటి సమస్య. బుకర్, సదర్లండ్ వెతికింది పూర్ణాంకాలు. అకరణీయ సంఖ్యలైతే ఏ సంఖ్యనైనా మూడు ఘనాల మొత్తంగా రాయొచ్చని 1825లోనే తెలుసు. పూర్ణాంకాల్లో 9తో భాగిస్తే 4 గానీ 5 గానీ మిగిలితే కుదరదు, అది స్థానిక అడ్డంకి. మిగతా అన్నిటికీ కుదురుతుందని అనుకుంటున్నారు. 114కి ఇంకా దొరకలేదు. దీనికి వేరే దారం తెరవండి, లేకపోతే శ్రీను సెమినార్ మునిగిపోతుంది.

సందేహాల_శ్రీను | గురువారం, సాయంత్రం 5:30

సెమినార్ అయిపోయిందండీ! ఇస్కోవ్‌స్కిఖ్ మొత్తం బోర్డు మీదే చేశాను. నిశాచరి గారి పట్టిక రాస్తుంటే వెనక బెంచీ వాళ్ళు కూడా ఫోన్లు పక్కన పెట్టారు. 20/13 దగ్గర 107 మళ్ళీ వచ్చేసరికి ఒకడు "మళ్ళీ వచ్చాడ్రా" అన్నాడు.

చివర్లో గైడ్ గారు మళ్ళీ అదే ప్రశ్న: "సెల్మర్‌కి 3 దగ్గర?" నేను ఏం మాట్లాడకుండా 4 + 5 = 9 అని రాసి, కింద −4/5 ≡ 1 అని రాసి, పక్కన మాడ్యులో 9 అని పెట్టాను. ఈసారి నవ్వలేదు. "మరి 1 అయితే ఘనమని ఎవరు చెప్పారు?" అన్నారు.

హెన్సెల్ లెమ్మాకి ఆ గట్టి రూపం నిరూపణ ఎక్కడుంటుందో కాస్త చెప్పండి, సోమవారం లోపు రాసి చూపించమన్నారు.

లెక్కల_మాస్టారు | గురువారం, సాయంత్రం 6:10

వెతకక్కర్లేదు, నువ్వే రాయి. (1 + 3త)³ ని విస్తరించు. 9త ముందుకొస్తుంది, మిగతా పదాలన్నీ 27తో పోతాయి. మాడ్యులో 27కి ఒక త ఎంచుకో, తర్వాత 81కి సరిచెయ్యి, తర్వాత 243కి. మూడో మెట్టు దగ్గర ఆగిపోతే ఇక్కడే అడుగు.